హెడ్‌లైట్ వేస్తే గేజీ ముళ్లు ఎగిరేవి

హొసకోటె దగ్గర మా బావగారి పాత ట్రాక్టర్‌లో హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు, డీజిల్ ముల్లు రెండూ ఒకేసారి ఎగిరేవి. ఇంజన్ చల్లగా ఉన్నా అంతే. "గేజీలు పోయినట్టున్నాయి, బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్ పార్ట్స్ షాపులకెళ్లి కొత్తవి తెచ్చేయ్" అన్నారు బావ. రెండూ ఒక్కసారే పాడవడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి, అందుకే ముందు దాన్నే పట్టుకున్నాను.

లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది గేజీ వెనక ఎర్త్ బోల్టుకి పెట్టాను. దాదాపు సున్నా రావాలి, ఒకటిన్నర వోల్టు వచ్చింది. బ్యాటరీ వైరు తీసేసి ప్యానెల్ విప్పితే, ఎర్త్ రింగు చుట్టూ పచ్చటి చిలుము, కింద పెయింటు. ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, అక్కడి నుంచి ఛాసిస్‌కి విడిగా మందపాటి వైరు లాగాను. ముళ్లు కుదురుకున్నాయి.

టెంపరేచర్ ముల్లు ఒక్కటే లేవకపోతే దారి వేరు. ఇలాంటి పాత గేజీల్లో సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, కాబట్టి వైరుని నేరుగా ఎర్త్ చేస్తే గేజీకి బాగా వేడెక్కినట్టే అనిపిస్తుంది. తాళం ఆన్ చేసి, సెన్సర్ వైరు ఊడదీసి ఒక్క క్షణం ఇంజన్ బ్లాకుకి తాకించండి. ముల్లు వేడి వైపుకి వెళ్తే గేజీ, వైరు బాగున్నట్టే, సెన్సర్ మార్చాలి. కొత్తది బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకండి, దానికి ఎర్త్ అందేది ఆ థ్రెడ్ల నుంచే.