కంప్యూటర్ ఊరికే ఆగిపోతుంటే ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

మా సిక్కోలు సైడ్ ఎవరింట్లో కంప్యూటర్ మధ్యలో ఆగిపోయినా ముందు వినిపించే మాట ఒకటే, "వైరస్ వచ్చుంటాది, ఫార్మాట్ కొట్టించీ". ఫార్మాట్ కొడితే పిల్లల ఫొటోలు, ట్యాలీ ఫైళ్ళు పోతాయి గానీ క్రాష్ మాత్రం చాలాసార్లు అలాగే ఉండిపోద్ది, ఎందుకంటే తప్పు విండోస్‌లో కాదు, కరెంట్‌లోనో దుమ్ములోనో ర్యామ్‌లోనో (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడే మెమరీ) ఉంటాది. కాబట్టి కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతోంది అంటే ఫస్ట్ ముఖ్యమైనవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసీండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు ఎలా ఆగుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే ఉంటాది. ప్లగ్ పీకినట్టు టక్కున ఆగిపోతోందా, స్క్రీన్ బిగుసుకుపోయి మౌస్ కూడా కదలట్లేదా, లేకపోతే నీలం స్క్రీన్ వస్తోందా (విండోస్ 11లో 2025 నుంచి అది నల్లగా వస్తోంది, కంగారు పడకండి, అదే ఇది). ఒక కాగితం మీద టైము, అప్పుడు ఏం ఓపెన్ చేసి ఉంది, ఆ టైంలో మోటారు వేశారా, ఏసీ వేశారా, కరెంట్ పోయి వచ్చిందా ఇవన్నీ రాసుకోండి. నీలం స్క్రీన్ చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే, స్టార్ట్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి స్టార్టప్ అండ్ రికవరీ లోపల ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేస్తే ఈసారి స్క్రీన్ ఆగి ఉంటాది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా) ఓపెన్ చేసి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. అక్కడ కెర్నల్ పవర్ 41 అని కనపడగానే చాలామంది అదే కారణం అనుకుంటారు, కాదు, సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిపోయింది అని విండోస్ మళ్ళీ ఆన్ అయ్యాక రాసుకున్న మాట అంతే. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఉంటాది, అది 0 అయితే ఎక్కువగా కరెంట్ తెగిపోవడమో, పూర్తిగా హ్యాంగ్ అయితే మీరే బటన్ నొక్కి ఆపడమో అయ్యుంటాది. 0 కాకుండా ఇంకో నంబర్ ఉంటే అది నీలం స్క్రీన్ తాలూకు నంబర్. WHEA-Logger అనే పేరుతో, హార్డ్‌వేర్ ఎర్రర్ అని తిన్నగా రాసున్న ఎంట్రీలు కూడా కనపడితే ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డు వైపు చూడాలి.

కోడ్ 0 వస్తుంటే మన జిల్లాల్లో ముందు కరెంటే చూడాలి, నేను గట్టిగా చెప్పేది ఇదే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, లైట్లు ఆరట్లేదు కదా అనుకుంటారు, కానీ కరెంట్ పోయినప్పుడు బ్యాటరీ మీదకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడతాది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ (కేబినెట్ లోపల కంప్యూటర్‌కి కరెంట్ అందించే డబ్బా) పూర్తి లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్ల వరకు తట్టుకుంటాది, పాతబడిందైతే అంత కూడా ఆగదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటాది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్. చాలా ఇన్వర్టర్లకి వెనకాల చిన్న స్విచ్ ఉంటాది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే తొందరగా మారుద్ది. అది లేకపోతే కంప్యూటర్ వరకు వేరే యూపీఎస్ పెట్టుకోవడమే.

గోడ సాకెట్ కూడా చూడండి, మూడు పిన్నుల ప్లగ్ వదులుగా ఊగుతుంటే, పిన్ను మీద నల్లగా కాలిన మచ్చ ఉంటే ఆ సాకెట్ మార్పించండి. కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా, అయితే ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతాది, నీళ్ళు పోస్తుండాలి. ఇది కంప్యూటర్ కోసమే కాదు, ఇంట్లో మనుషుల కోసం.

తుఫాన్ల గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళమే. లైన్లు మళ్ళీ కలిపినప్పుడు కరెంట్ వస్తూ పోతూ ఉంటాది, వోల్టేజ్ ఎక్కువ తక్కువ అవుద్ది, అప్పుడు వెంటనే ఆన్ చేయకండి. పిడుగుల టైంలో పవర్ ప్లగ్‌తో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి.

గేమ్ ఆడినప్పుడో వీడియో ఎడిట్ చేసినప్పుడో మాత్రమే ఆగితే వేడి గానీ ఎస్‌ఎమ్‌పీఎస్ గానీ. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఫ్రీ ప్రోగ్రామ్ పెట్టి టెంపరేచర్ చూడండి, ఊరికే ఉన్నప్పుడు 40, 50 దగ్గర, బాగా పని చేస్తున్నప్పుడు 70 నుంచి 85 అయితే పర్లేదు, 95 దాటి ఉంటోందంటే చల్లబడట్లేదు. సైడ్ డోర్ తీసి ప్రాసెసర్ ఫ్యాన్ కింద చూడండి. రైస్ మిల్లుల దగ్గరుండే ఇళ్ళలో ఊక దుమ్ము దూరి రేకుల మధ్య దళసరి దుప్పటిలా పట్టేస్తాది, పైన ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతున్నా కింద గాలి దూరదు. పలాస సైడ్ జీడి బట్టీల పొగ తగిలే చోట దుమ్ము జిడ్డుగా అంటుకుంటాది, ఊదితే పోదు, బ్రష్‌తో రుద్దాలి. ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, కేబినెట్ అరుగు మీదకి తెచ్చి బ్లోయర్ కొట్టండి, ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో ఆపండి. ప్రాసెసర్ మీద కూలర్ తీస్తే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్) మళ్ళీ రాయాల్సిందే, బఠాణీ గింజంత చాలు. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకండి, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంట్ మిగిలుంటాది.

నీలం స్క్రీన్ ప్రతిసారీ వేరే వేరే కోడ్‌తో వస్తుంటే ర్యామ్ మీద అనుమానం పెట్టుకోండి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి కాంటాక్ట్‌లు మసకబారతాయి. ర్యామ్ తీసి ఆ బంగారు గీతల్ని తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు పూర్తిగా దులిపి, రెండు వైపులా టక్ మని క్లిప్ పడేదాకా నొక్కి పెట్టండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) ఎక్స్‌ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి చూడండి. అప్పటికీ వస్తే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రి వదిలేయండి, ఒక్క ఎర్రర్ వచ్చినా అది తప్పే, ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి ఏది పాడైందో తేల్చాలి.

డిస్క్ సంగతి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూస్తే తెలిసిపోద్ది, కాషన్ అనో బ్యాడ్ అనో చూపిస్తే ఇంక ఆలోచించకుండా డిస్క్ మార్చేయండి.

ఇవన్నీ బాగున్నాయి, క్రాష్ మాత్రం ఒక అప్‌డేట్ తర్వాతే మొదలైంది అంటే అప్పుడు సాఫ్ట్‌వేర్. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒక్కటి తేడా వస్తే ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్‌లో పడ్డాయి, అంత లోపల పనిచేసే ఫైల్ ఒక్కటి చాలు. స్టార్ట్‌లో రిలయబిలిటీ హిస్టరీ వెతికి తీస్తే ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయిందో, ఏ రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో పక్కపక్కనే కనపడతాయి. ఆ రోజు పడింది డ్రైవర్ (ఒక్కో హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అయితే దాన్ని డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి, అంటే పాతదానికి తిప్పండి. ఒక్కసారి ఒక్కటే మార్చి, రెండు మూడు రోజులు వాడి చూడండి, నాలుగు కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

షాపుకి తీసుకెళ్ళాల్సి వస్తే మీరు రాసుకున్న కాగితం, స్క్రీన్ ఫొటోలు పట్టుకెళ్ళండి. వాళ్ళు బోర్డు పోయింది అంటే వెంటనే ఒప్పుకోకుండా, ముందు వాళ్ళ దగ్గరున్న ఇంకో ఎస్‌ఎమ్‌పీఎస్, ఇంకో ర్యామ్ పెట్టి ఒక పూట నడిపి చూడమని అడగండి, అక్కడ ఒక్కసారి కూడా ఆగకపోతే పాత భాగాలు మళ్ళీ ఒక్కొక్కటిగా పెట్టించి చూడమనండి, అన్నీ పాతవే పెట్టినా షాపులో ఆగట్లేదంటే మీ ఇంటి సాకెట్ దగ్గరికే ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళాలి.