పెండిల్ కొండకు వెళ్ళేవారికి: ముందు కొండ, తరువాతే కోట

అక్టోబరు చివర, చలికాలం కోసం గడియారాలను గంట వెనక్కి జరిపిన ఆదివారం నాడే, మాంచెస్టర్ నుంచి వెళ్ళిన మనవాళ్ళు ఆరుగురు ఇంగ్లండ్‌లోని ల్యాంకషైర్‌లో ఉన్న పెండిల్ కొండమీద చీకట్లో చిక్కుకుని, రాత్రి తొమ్మిది దాటాక రెస్క్యూ బృందం వెంట కొండ కిందనున్న బార్లీ గ్రామానికి దిగివచ్చారు. ఒకమ్మాయికి చీలమండ విరిగింది. వారిలో ఇద్దరు నాకు బాగా తెలిసినవారు కనుక జరిగినదంతా విన్నాను. వారు బూట్లు మరచిపోలేదు, రెయిన్ కోట్లు, నీళ్ళు కూడా మరచిపోలేదు. కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

వారు చేసిన తప్పు ఒక్కటే, కొండను చివరికి వదిలేయడం. పొద్దున దగ్గరి ఊరు క్లిథరోలో నార్మన్ల కాలపు చిన్న కోట చూశారు, 1296లో సిస్టర్షియన్ అనే శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు వచ్చి స్థిరపడిన వాలీ మఠం శిథిలాల్లో ఫోటోలు దిగారు, తీరుబడిగా భోంచేసి రెండున్నరకు బార్లీ చేరారు. ఆ రోజు సూర్యాస్తమయం ఐదు కాకముందే. బార్లీ నుంచి శిఖరానికి మామూలు నడకకు గంటంబావు పడుతుంది. ఓగ్డెన్ రిజర్వాయర్ల మీదుగా చుట్టి దిగాలంటే మరో రెండు గంటలు తక్కువ కాదు. ఈ లెక్క కారులోనే వేసుకుని ఉంటే ఎవరూ బయలుదేరేవారు కాదు.

ఇంతకుముందు ఇలాగే ఇబ్బందిపడిన మరో రెండు కుటుంబాలూ నాకు తెలుసు. వారిదీ ఇదే వరుస: కోట, మఠం, భోజనం, ఆపైన కొండ. కోట ఊరి మధ్యలో ఉంది, మఠం రోడ్డు పక్కనే ఉంది. సాయంత్రం మసకలో చూసినా వాటివల్ల ఎవరికీ కాలు విరగదు. ముందు కొండ, తరువాతే కోట.

ఎత్తు 557 మీటర్లే కదా, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాళ్ళం, ఇదెంత అనుకోవడం మనవారిలో తరచు వినిపించే మాట. అలిపిరి దారికి దీపాలున్నాయి, నీళ్ళున్నాయి, పక్కన నడిచే జనమున్నారు. పెండిల్ మీద తలదాచుకోవడానికి చెట్టు కూడా లేదు. రాళ్ళు పరచిన నిటారు మెట్లు ఒక్కసారిగా అయిపోయి, పైన గడ్డి, నాచు, నల్లటి పీట్ నేల విశాలంగా పరుచుకుని ఉంటుంది. పీట్ అంటే వేల ఏళ్ళుగా సగం కుళ్ళి పేరుకున్న మొక్కల పొర. వర్షం తరువాత పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది. కాలు పైకి లాగితే బూటు లోపలే ఉండిపోతుంది. అందువల్ల నీళ్ళు నిలిచిన చోట చుట్టూ తిరిగిపోదామని దారి తప్పకూడదు. పాదాలు తడిసినా పలకరాళ్ళ మీదే నడవాలి.

పొగమంచు సంగతి వేరుగా చెప్పాలి. క్వేకర్లనే క్రైస్తవ శాఖ మతోద్యమాన్ని ప్రారంభించిన జార్జ్ ఫాక్స్ 1652లో ఈ కొండెక్కి, పైనుంచి సముద్రం కనిపించిందని రాసుకున్నాడు. నవంబరులో వెళ్ళేవారికి చాలాసార్లు కనిపించేది తెల్లటి గోడ మాత్రమే. ఆ గోడలో ఫోన్ టార్చి వెలిగిస్తే వెలుతురు తిరిగి కళ్ళలోకే కొడుతుంది, పాదాల దగ్గరి రాయి కూడా కనిపించదు. అటువంటప్పుడు తొందరపడి ఉత్తరంగా దిగితే డౌన్‌హామ్ వైపు తేలతారు, కారు మాత్రం కొండకు ఆవలి పక్క బార్లీలో ఉంటుంది. దిక్సూచి, కాగితపు పటం వెంట ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ నలభై శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిపోవచ్చు.

దయ్యాల, మంత్రగత్తెల వేషాలు కట్టే హాలోవీన్ రాత్రి, అంటే అక్టోబరు 31న, కొండెక్కాలనే సరదా మరొకటి ఉంది. 1612 ఆగస్టు 20న మంత్రగత్తెలన్న నేరం మోపి ల్యాంకాస్టర్‌లో పదిమందిని ఉరితీశారు; వారిలో ఎక్కువమంది ఈ కొండ చుట్టుపక్కల పల్లెలవారు. చాలావరకు పేదల మీద, తొమ్మిదేళ్ళ పిల్ల సాక్ష్యం ఆధారంగా నడిచిన ఆ విచారణను వేషాలు కట్టి వేడుక చేసుకోవడం నాకు నచ్చదు, అది నా అభిరుచి అనుకోండి. రాత్రి ఎక్కవద్దనడం మాత్రం అభిరుచికి సంబంధించిన విషయం కాదు.

మిగిలినవి వరుసగా చెబుతాను. శిఖరం చేరినా చేరకపోయినా వెనుదిరిగే సమయాన్ని బార్లీలోనే నిర్ణయించుకోవాలి, పైకి వెళ్ళాక దాన్ని మార్చకూడదు. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి ఉండాలి. గుంపును రెండుగా చీల్చకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారే ముందు నడవాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. గొర్రెల గేట్లు ఎలా ఉంటే అలాగే వదలాలి. పొలాల గేట్లకు అడ్డంగా కారు పెట్టకూడదు. పొయ్యి, బార్బెక్యూ వెలిగించకూడదు, ఎండాకాలంలో పీట్ నేల లోలోపలే రోజుల తరబడి కాలుతుంది. బ్రిటన్‌లో అత్యవసర సహాయం నంబరైన 999కు మెసేజ్ పంపే సౌకర్యానికి ముందురోజే రిజిస్టర్ చేసుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మాట వెళ్ళని చోట కూడా మెసేజ్ వెళ్ళవచ్చు. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. బిల్లు వేస్తారని, వీసాకు చిక్కులొస్తాయని భయపడి ఆ ఆరుగురు గంటన్నర ఆలస్యం చేశారు. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, పైసా అడగరు. ఫోన్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. దెబ్బ తగిలినవారిని ఒంటరిగా వదిలి కారు కోసం పరుగెత్తకూడదు. ఉదయం పది లోపు నడక మొదలుపెట్టాలి. ముందు కొండ, తరువాతే కోట. చలికాలంలో పన్నెండు దాటాక బార్లీ చేరినవారు కొండవైపు చూడనే కూడదు. పక్కనే ఉన్న రఫ్లీ గ్రామానికి వెళ్ళి, ఉరితీయబడినవారిలో ఒకరైన ఆలిస్ నట్టర్ విగ్రహాన్ని, న్యూచర్చ్ గ్రామంలో చర్చి గోపురం మీద చెక్కిన కన్నును చూసి, వెలుతురుండగానే ఇల్లు చేరాలి.