రన్‌వే వరుసలో ఇల్లు: కొనే ముందు చూడవలసినవి, చేరాక చేయవలసినవి

గన్నవరం, మధురపూడి, రేణిగుంట చుట్టుపక్కల స్థలాల ప్రకటనల్లో "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు" అన్న మాట పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది గాని, ఆ పది నిమిషాల దూరం రన్‌వేకు ఏ వైపున ఉందో ఎవరూ రాయరు. విమానాల కింద కాపురం సుఖంగా సాగుతుందో లేదో తేల్చేది ఆ వైపే. ఇల్లు కట్టుకున్న తరువాత చేయగలిగింది కొంత ఉన్నా, స్థలం ఎంచుకునేటప్పుడు తీసుకునే జాగ్రత్త ఇచ్చేంత ఫలితం ఆ తరువాత పెట్టే ఖర్చు ఏదీ ఇవ్వదు. అందుచేత ఈ వ్యాసంలో కొనుగోలుకు ముందు చూడవలసిన విషయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు రన్‌వే గీత

ప్రతి రన్‌వేకు రెండు కొసల్లోనూ ఒక్కో అంకె రాసి ఉంటుంది. దిక్సూచి చూపే డిగ్రీలను పదితో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే ఆ అంకె వస్తుంది. గన్నవరం రన్‌వే 08/26 కనుక అది దాదాపు తూర్పు పడమరలుగా ఉందని అర్థం. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, రన్‌వే మధ్య గీతను రెండు వైపులా పది కిలోమీటర్ల చొప్పున పొడిగించి, మీరు చూస్తున్న స్థలం ఆ గీతకు ఎంత పక్కగా ఉందో కొలవాలి. విమానాశ్రయం గేటు నుంచి రోడ్డు మీద ఎంత దూరమో ఇక్కడ అక్కరకు రాదు.

దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే ప్రతి కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు కిందికి జారుతూ, రన్‌వే అంచును దాదాపు 15 మీటర్ల ఎత్తున దాటుతుంది. ఈ లెక్కన అంచుకు రెండు కిలోమీటర్ల దూరంలో సరిగ్గా గీత కిందున్న ఇంటి మీదుగా విమానం సుమారు 120 మీటర్ల ఎత్తున పోతుంది. అదే గీత మీద నాలుగు కిలోమీటర్ల దూరానికి జరిగితే ఎత్తు 225 మీటర్లవుతుంది, శబ్దం ఐదారు డెసిబెళ్ళు తగ్గుతుంది. అలా కాకుండా రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉండి గీతకు అరకిలోమీటరు పక్కకు జరిగితే, విమానానికీ ఇంటికీ మధ్య ఏటవాలు దూరం 500 మీటర్లు దాటి శబ్దం 12 డెసిబెళ్ళకు పైగా తగ్గుతుంది. పది డెసిబెళ్ళు తగ్గితే చెవికి మోత సగమైనట్టు తోస్తుంది. కాబట్టి వెనక్కి జరగడం కంటే పక్కకు జరగడం మేలు. ధరలో పెద్ద తేడా లేని రెండు ప్లాట్ల మధ్య తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఈ ఒక్క లెక్క చాలు. అయితే రన్‌వేకు మరీ ఆనుకొని పక్కగా ఉన్న ఇళ్ళకు వేరే బాధ ఉంటుంది: పైన విమానం పోదు గాని, దిగిన విమానం వేగం తగ్గించుకోవడానికి ఇంజన్ల ఒత్తిడిని ముందుకు మళ్ళించినప్పుడు వచ్చే గర్జన, లేవబోయే విమానం పరుగు మొదలుపెట్టే హోరు నేరుగా వాటికే తగులుతాయి.

లేచే విమానాల లెక్క ఇంత తిన్నగా ఉండదు. అవి వేగంగా ఎత్తుకు పోయి తమ దారికి మలుపు తిరుగుతాయి కనుక గీతకు దూరంగా ఉన్న ఊళ్ళ మీదుగానూ పోవచ్చు. దిగేటప్పటి కంటే అప్పుడు ఇంజన్ల మోత హెచ్చు. పైగా ఎండాకాలం మధ్యాహ్నం వేడెక్కి పలచబడిన గాలిలో విమానం మామూలుకన్నా నిదానంగా పైకి వెళుతుంది. మే నెలలో శబ్దం పెరిగినట్టు అనిపిస్తే అది భ్రమ కాదన్నమాట.

గాలి మారితే దారి మారుతుంది

విమానం సాధ్యమైనంతవరకు గాలికి ఎదురుగానే దిగుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది. తూర్పు పడమరల రన్‌వే ఉన్న చోట నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి బలంగా వీస్తున్నప్పుడు విమానాలు తూర్పు నుంచి వచ్చి దిగి, పడమరకు లేస్తాయి. చలికాలంలో ఈశాన్యపు గాలి వీచే రోజుల్లో ఇది తిరగబడుతుంది. గాలి మందంగా ఉన్నప్పుడు కంట్రోల్ టవర్ తనకు అనువైన కొసను వాడుతుంది. అది చాలాసార్లు ఐఎల్‌ఎస్ పరికరాలు (దిగే విమానానికి రేడియో సంకేతాలతో దారి చూపేవి) అమర్చిన కొస అవుతుంది. స్థలం అమ్మే వారు జనవరిలో మిమ్మల్ని తీసుకువెళ్ళి "చూశారుగా, ఎంత ప్రశాంతమో" అంటే, జూలైలో అక్కడి సంగతి ఏమిటో ఆ ఊరివారినే అడగండి. కిరాణా కొట్టు దగ్గర పావుగంట నిలబడితే బ్రోకరు నెలరోజుల్లో చెప్పనిది తెలుస్తుంది.

ఊరివారి మాటను సరిచూసుకోవడానికి ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లలో గడిచిన రోజుల విమానాల దారిని తిరిగి చూసే వీలుంది. అయితే అందులో కనిపించే ఎత్తును మీ డాబా మీది ఎత్తుగా తీసుకోకూడదు. విమానం పంపే ఆ అంకె 1013 హెక్టోపాస్కళ్ళ ప్రామాణిక వాయుపీడనాన్ని బట్టి లెక్కించినది. మన దగ్గర వానాకాలంలో సముద్రమట్టపు పీడనం వెయ్యి దగ్గరకు పడిపోయినప్పుడు యాప్ అసలు కంటే సుమారు 350 అడుగులు ఎక్కువ చూపుతుంది. విమానం తక్కువ ఎత్తున పోతోందని ఫిర్యాదు రాసేవారు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

చిన్న విమానాశ్రయంలో రాకపోకలు కొద్దిగానే ఉంటాయి కదా అన్న ధీమా పూర్తిగా సరి కాదు. రోజుకు ఇరవై విమానాలే వచ్చినా వాటిలో ఒకటి తెల్లవారుజామున వస్తే నిద్ర చెడేది దానితోనే. మధ్యలోని నిశ్శబ్దం వల్ల వచ్చే ఒక్క విమానమూ మరింత బిగ్గరగా తోస్తుంది. అక్కడ ఫ్లయింగ్ స్కూలు కూడా ఉంటే సంగతి వేరు: శిక్షణ విమానం చిన్నదే అయినా దాదాపు వెయ్యి అడుగుల ఎత్తున విమానాశ్రయం చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, దిగినట్టే దిగి మళ్ళీ లేస్తూ, పూటంతా అదే ఇంటి మీదుగా తిరుగుతుంది. నా మట్టుకు నేను గంటకొక ఎయిర్‌బస్‌నైనా భరిస్తాను గాని, ఆగని ఆ సన్నని రొదను భరించలేను.

కాగితాలు

విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు 2015 నాటి కేంద్ర నియమాల ప్రకారం పరిమితి ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తయారుచేసిన రంగుల జోనింగ్ పటంలో మీ స్థలం ఏ గడిలో పడిందో ముందు చూడాలి. ఎర్ర గడిలో ఉంటే ఇల్లు ఎంత చిన్నదైనా అథారిటీ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి. దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చాలామంది తికమకపడే విషయం ఇక్కడ ఒకటుంది. ఎన్‌ఓసీలో ఇచ్చే ఎత్తు నేల నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. పత్రంలో 40 మీటర్లని ఉండి, మీ స్థలమే సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉంటే, కట్టుకోగలిగింది 15 మీటర్లు మాత్రమే. ఆ పదిహేనులోనే వాటర్ ట్యాంకు, లిఫ్ట్ గది, పిట్టగోడ, సోలార్ పలకలు అన్నీ ఇమడాలి. సెల్ టవర్‌కు అద్దెకిచ్చి ఆదాయం పొందుదామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

విస్తరణ భయం వేరుగా చూసుకోవాలి. రన్‌వేలు పొడిగించడానికి గన్నవరంలోనూ మధురపూడిలోనూ చుట్టుపక్కల ఊళ్ళ భూములు సేకరించారు. కొస వైపు ఖాళీగా కనిపించే పొలాల పక్కన చౌకగా దొరికే ప్లాటు ఎందుకు చౌకో ఆలోచించాలి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించడంతో సరిపెట్టక, సర్వే నంబరు రిజిస్ట్రేషన్‌కు వీలులేని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ఏదైనా భూసేకరణ నోటిఫికేషన్‌లో వచ్చిందేమో రెవెన్యూ కార్యాలయంలో విచారించాలి.

ఇంట్లోకి చేరాక

శబ్దం గోడల గుండా కంటే సందుల గుండా ఎక్కువగా వస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు వాటి పని అవి బాగానే చేస్తాయి. చొరబాటంతా కిటికీ రెక్కలు కలిసే చోట, వెంటిలేటర్లలో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రంలో, ఏసీ పైపు కోసం తొలిచి సరిగా పూడ్చకుండా వదిలేసిన కన్నంలో, తలుపు కింద. పాత ఇళ్ళలో ప్రతి గుమ్మానికీ గడప ఉండి తలుపు దానికి ఆనుకునేది. ఇప్పటి ఫ్లాట్లలో గడప తీసేశాక తలుపు కింద వేలు దూరేంత సందు మిగులుతోంది. పడకగదికైనా గడప పెట్టించుకుంటే, లేదా తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగిస్తే, కొద్ది వందల రూపాయల ఖర్చుతో తేడా తెలుస్తుంది. ఒక పరీక్ష చెబుతాను: రాత్రి గదిలో దీపాలార్పి, తలుపులు కిటికీలు మూసి, బయటి నుంచి ఒకరిని టార్చి వేయమనండి. వెలుగు వచ్చిన ప్రతిచోటా శబ్దమూ వస్తుంది. ఆ సందులన్నిటినీ సిలికాన్‌తో, రబ్బరు బీడింగుతో మూయించాకే పెద్ద ఖర్చుల మాట ఎత్తాలి.

ఆ తరువాత కిటికీలు. పక్కకు జరిగే స్లైడింగ్ రకం ఎంత ఖరీదైనదైనా దానిలో సందు కొంత మిగులుతుంది. రెక్క మూసినప్పుడు రబ్బరును నొక్కి బిగుసుకునే రకమే శబ్దానికి తగినది. గాజు విషయంలో మధ్యలో పొర ఉన్న ల్యామినేటెడ్ గాజు అదే మందపు మామూలు గాజు కంటే మెరుగు. ఉన్న కిటికీని పీకకుండా, దాని లోపలి వైపు ఒక జానెడు దూరంలో రెండో కిటికీ అమర్చగలిగితే అది బజారులో దొరికే సన్నని సందు రెండు గాజుల కిటికీ కంటే బాగా పనిచేస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, పైకప్పుకు థర్మాకోల్ అంటించే వారి మాట నమ్మవద్దు. అవి గదిలో ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయేమో గాని, బయటి మోతను ఆపేంత బరువు వాటికి లేదు. డాబా మీద రేకుల గది వేసి అందులో పడుకునేవారికి కిటికీలు మార్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే శబ్దం నేరుగా రేకుల్లోంచే దిగుతుంది. పడకను కింది అంతస్తుకు, విమానం వచ్చే దిక్కుకు ఎదురుగా కాని గదికి మార్చడమే సరైన మందు.

కిటికీలు మూస్తే మన ఎండలకు ఏసీ తప్పదు. కరెంటు బిల్లు పెరుగుదలను కూడా ఇంటి ధరలో కలిపి చూసుకోవాలి.

డాబా మీద పేరుకునే నల్లటి మసి విమానాలు వదిలిన ఇంధనమని చాలా ఊళ్ళలో నమ్ముతారు. మన చిన్న విమానాశ్రయాలకు వచ్చే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737, ఏటీఆర్ విమానాలలో గాలిలో ఇంధనం వదిలే ఏర్పాటే లేదు. జాతీయ రహదారి పక్కన ఇల్లుంటే ముందు లారీలను అనుమానించాలి.

ఇంటివారిగా మన వైపు నుంచీ కొన్ని పాటించాలి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు పక్షులను ఆకర్షించేలా చెత్త, మాంసపు వ్యర్థాలు ఆరుబయట పారేయడాన్ని విమానయాన నియమాలు నిషేధిస్తున్నాయి. ఒక్క గద్ద ఇంజన్లో పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు, అయినా ఆదివారం కోళ్ళ దుకాణాల వెనుక గుట్టలు మామూలే. పెళ్ళి ఊరేగింపులో ఆకాశంలోకి లేజర్ వెలుగులు వేయడం, దీపావళికి ఆకాశదీపాలు వదలడం ఇక్కడ సరదా కాదు, నేరం. డ్రోనుతో శుభలేఖ వీడియో తీయించాలంటే ముందు, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో మీ వీధి ఏ రంగులో ఉందో చూసుకోవాలి.

ఫిర్యాదు చేసే తీరు

2018లో కేంద్ర పర్యావరణ శాఖ విమానాశ్రయ ప్రాంతాల శబ్దానికి హద్దులు ప్రకటించింది. ఏటా 50,000కు మించి రాకపోకలున్న విమానాశ్రయాల వద్ద పగలు 70, రాత్రి 65 డెసిబెళ్ళు; అంతకంటే చిన్నవాటి వద్ద పగలు 65, రాత్రి 60. మీ విమానాశ్రయానికి ఈ హద్దు వర్తిస్తుందో లేదో కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడగండి. ఇవి సగటు లెక్కలు కనుక, రాత్రి రెండు విమానాలు నిద్ర లేపినా సగటు హద్దులోనే ఉండవచ్చు. అందువల్ల "శబ్దం ఎక్కువగా ఉంది" అన్న ఫిర్యాదు బుట్టదాఖలవుతుంది. తేదీ, సమయం, విమానం వచ్చిన దిక్కు, దిగుతోందో లేస్తోందో, గాలి ఎటు వీస్తోందో వరుసగా రాసిన పట్టికను జతచేసి, చేయదగిన ఒక పనిని స్పష్టంగా కోరితే విమానాశ్రయ డైరెక్టరు కార్యాలయం దానిని పక్కన పెట్టడం కష్టం. శిక్షణ విమానాల ప్రదక్షిణలను ఊరికి అవతలి వైపుకు మార్చమని, ఇంజన్ పరీక్షలు రాత్రివేళ చేయవద్దని, గాలి లేని రాత్రుల్లో పొలాల వైపు కొసను వాడమని అడగవచ్చు. ఒక్కరు పది ఉత్తరాలు రాయడం కంటే పంచాయతీ తీర్మానంతో, పదిమంది సంతకాలతో ఒక్క ఉత్తరం పంపడం మేలు. దాని నకలును కాలుష్య నియంత్రణ మండలికీ పంపి, అందినట్టు రసీదు తీసుకుని భద్రపరచుకోవాలి.