గోదారి ఎర్రబడకముందే: చంటిపిల్లలు, బాలింతల తిండి జాగ్రత్తలు

జూలై వస్తే మా గోదావరి లంకల్లో అందరి చూపూ ధవళేశ్వరం మీదే. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే వరద మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పడవ నడిపేవాళ్ళ దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరికీ ఈ అంకెలు నోటికి వచ్చు. ఇంట్లో చంటిబిడ్డ జబ్బ చుట్టుకొలత ఎంతో మాత్రం చాలామందికి తెలియదు. బిడ్డ చిక్కిపోయాడో లేదో చెప్పేది అదే, వరదకు ముందు ఆ అంకె కూడా తెలిసి ఉండాలి.

నర్సుగా ఈ ఊళ్ళు తిరిగిన నేను ఏటా చూసేది ఒకటే. నీళ్ళు వచ్చిన రోజున పిల్లలు చిక్కిపోరు. ఆ రోజు పులిహోర పొట్లాలు వస్తాయి, పాల ప్యాకెట్లు వస్తాయి, నలుగురూ కనిపెట్టుకుని ఉంటారు. నీరు తీశాక వచ్చే మూడు నాలుగు వారాలతోనే నా భయం. పాదులు కుళ్ళిపోతాయి, కోళ్ళు పోతాయి, గేదెకు మేత ఉండదు, కూలి పనులు దొరకవు. బోరు నీళ్ళు పాడైతే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆకలి చచ్చిపోయిన బిడ్డకు పలచటి గంజి పోస్తారు. తిండి తగ్గిన ఒంటికి మళ్ళీ జబ్బు వస్తుంది, జబ్బు పడిన ఒంటికి తిండి ఇంకా తగ్గుతుంది. నెల తిరిగేసరికి బిడ్డ సగమవుతాడు.

1852లో ఆనకట్ట కట్టినప్పటి నుంచి మనది ధాన్యపు నేల. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి సుమారు 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అన్నం పెట్టలేక కాదు, చాలా ఇళ్ళలో అన్నం ఒక్కటే పెట్టడం వల్ల.

ఒకసారి ఏటిగట్టు పక్క ఇంట్లో పద్నాలుగు నెలల బాబు జబ్బకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులుండే కొలత టేపు చుట్టాను. పసుపు రంగులో, 12 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. "ఆయ్, ఆడంతేనండి, వాళ్ళ నాన్న పోలిక" అంది తల్లి. ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా పిల్లల జబ్బ కొలత పెద్దగా మారదు. అందుకే అందరికీ ఒకటే టేపు, ఇందులో పోలిక పని చేయదు. ఏం పెడుతున్నావమ్మా అంటే గిన్నె చూపించింది. చారన్నం మెత్తగా పిసికి, నీళ్ళు కలిపి పెట్టింది. గిన్నె వంచితే మొత్తం ఒక వైపుకి జారిపోయింది. రోజుకు మూడుసార్లు పెడుతోంది, ప్రేమగానే పెడుతోంది. కానీ గుప్పెడంత పొట్టలో సగం నీళ్ళే. అదే అన్నంలో ముద్దపప్పు, చెంచా నూనె, రోజుకో గుడ్డు కలిపాక రెండు నెలలకు టేపు ఆకుపచ్చలోకి వచ్చింది.

ఈ టేపు అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఆరు నెలలు దాటిన ప్రతి బిడ్డనూ జూన్‌లోనే కొలిపించండి. 12.5 సెంటీమీటర్లు, ఆపైన (ఆకుపచ్చ) ఉంటే సరే. 11.5 నుంచి 12.5 లోపు (పసుపు) ఉంటే తిండి పెంచి, తరచూ కొలిపిస్తూ ఉండాలి. 11.5 కంటే తక్కువైతే (ఎరుపు) వరద దాకా ఆగకండి, పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. రెండు పాదాల మీదా బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి తీసి చూడండి. రెంటి మీదా గుంట అలాగే ఉండిపోతే అది వాపు. "ఈమధ్య బొద్దుగా వచ్చాడు" అని మురిసిపోయిన తల్లిని చూశాను నేను. టేపు ఏ రంగు చూపించినా వాపు ఉంటే ఆసుపత్రికే.

ఎండ ఉండగానే ఉగ్గు పిండి కొట్టి పెట్టుకోండి. రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు పెసరపప్పు, అరగ్లాసు వేరుశనగ గుళ్ళు. దేనికది దోరగా వేయించి, నల్లబడిన, బూజు పట్టిన గుళ్ళు ఏరేసి, పొడి చేసి మూత గట్టిగా బిగిసే డబ్బాలో అటక మీద పెట్టండి. తేమ రోజులు కాబట్టి రెండు వారాలకు సరిపడా చాలు. కాచేటప్పుడు నూనె గానీ నెయ్యి గానీ ఒక చెంచా వేయాలి. ఏడాది దాటిన పిల్లలకైతే చిన్న బెల్లం ముక్క కూడా వేయవచ్చు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్లు కూడా పడవలు తిరిగేటప్పుడే తెచ్చుకోండి. వరద కాలంలో అందరూ పులస చేప మాటే ఎత్తుతారు గానీ బిడ్డకు మెత్తళ్ళు (చిన్న ఎండుచేపలు) చాలు. ఇసుక, ఉప్పు పోయేలా కడిగి ఎండబెట్టి, వేయించి పొడి కొడితే ముల్లుతో సహా ఒంటికి పడుతుంది. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు ఆ పొడి చిటికెడు తీసి అన్నంలో కలపండి. అన్నప్రాశన ముహూర్తం ఏ నెలలో పెట్టుకున్నా, ఆరు నెలలు నిండాకే రోజూ తిండి పెట్టాలి. అంతవరకు తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు.

తల్లి సంగతికి వస్తే నాకు ఎక్కువ బాధ కలిగేది బాలింత పథ్యం. నెల తిరిగేదాకా వెల్లుల్లి కారం, ఎండు అన్నం, కొలిచి ఇచ్చే నీళ్ళు. అత్తగారి ప్రేమలో లోటేమీ లేదు, తన అత్తగారు తనకు చేసిందే కోడలికి చేస్తోంది. కారం ఉండనివ్వండి. దాని పక్కన పప్పు, మునగాకు, గుడ్డు చేర్చండి, దాహమైనప్పుడల్లా నీళ్ళివ్వండి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఒక పూట తిండి ఎక్కువ కావాలి. వరద రోజుల్లో అందరికీ వడ్డించి చివర్లో గిన్నె అడుగు మిగిల్చుకునేది ఆమే. కాబట్టి ఇంట్లో మగవాళ్ళే ఆమె కంచం ముందు పెట్టించాలి. ఐరన్ మాత్రలు నెల రోజులకు సరిపడా తెచ్చుకోండి. టీతో వేసుకోకూడదు. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. నెలలు నిండుతున్న వాళ్ళను మొదటి హెచ్చరిక రాకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి.

"టెన్షన్‌కి పాలు ఎండిపోయాయండి" అని గట్టు మీద టెంటులో చాలామంది అంటారు. టెన్షన్‌లో పాలు దిగడం కాస్త ఆలస్యం కావచ్చు. బిడ్డ చీకుతూ ఉంటే మళ్ళీ దిగుతాయి. ఆమెకు ఒక చాటు కల్పించి, తినడానికి పెట్టి, బిడ్డను రొమ్ము దగ్గరే ఉంచండి. సాయంగా వచ్చిన డబ్బా పాలపొడిని వరద నీళ్ళలో కలిపి సీసాతో పట్టడం ఆర్నెల్లలోపు బిడ్డకు ప్రాణం మీదకు తెస్తుంది.

వాంతులు, విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇప్పుడే ఇంట్లో ఉంచుకోండి. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, మిగిలింది మర్నాడు పారబోయాలి. జింక్ విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల మధ్య అయితే 10. పాలు, తిండి ఆపకండి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒకసారి అదనంగా పెట్టండి. కళ్ళు గుంటలు పడినా, ఏమీ తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి.

తల్లీబిడ్డల కార్డు, మాత్రలు, ఉగ్గు పిండి డబ్బా ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టండి. నీరు తీసి ఇల్లు కడుక్కున్న రెండు వారాలకు బిడ్డను ఎత్తుకుని మళ్ళీ అంగన్‌వాడీకి వెళ్ళి టేపు చుట్టించండి. జూన్‌లో రాయించిన అంకె పక్కనే ఇదీ రాయించండి.