ముందు మొదటి స్థితి చూసుకోండి

24.75. ఈ అంకెను నేను మర్చిపోలేను. ఓపెన్ చివరలున్న 100 స్పిన్-హాఫ్‌ల హైసెన్‌బర్గ్ చెయిన్‌కి (పక్కపక్క స్పిన్‌లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే గొలుసు నమూనా), కప్లింగ్ బలం జె = 1 పెట్టి డీఎంఆర్‌జీ (అతి తక్కువ ఎనర్జీ ఉన్న స్థితిని వెతికే పద్ధతి) నడిపితే కొన్ని సెకన్లలోనే వచ్చిన ఎనర్జీ అది. రావాల్సింది సుమారు -44.13. రెండు రోజులు హామిల్టోనియన్‌లో (ఎనర్జీ సూత్రంలో) తప్పు వెతికాను. చివరికి పక్క సీట్లోని సీనియర్ "స్టార్టింగ్ స్టేట్ ఏమిచ్చావ్?" అని అడిగాడు. అన్నీ అప్ ఇచ్చాను! ఐటెన్సర్‌లో (ఈ లెక్కలు చేసే లైబ్రరీ) సైట్లు చేసేటప్పుడు కన్సర్వ్ క్యూఎన్స్ (క్వాంటమ్ నంబర్లని మారకుండా ఉంచే సెట్టింగ్) ఆన్ చేశాక మొత్తం ఎస్‌జెడ్, అంటే జెడ్ దిశలో మొత్తం స్పిన్, మారదు. ఎస్‌జెడ్ 50 ఉన్న సెక్టార్‌లో (ఆ ఎస్‌జెడ్ ఉన్న స్థితుల గుంపులో) ఉండేది ఒకే ఒక్క స్థితి. పాపం, ప్రోగ్రామ్ ఎటు పోతుంది?

అందుకే అప్, డౌన్, అప్, డౌన్ అని మార్చి మార్చి ఇవ్వండి. ఫ్లక్స్‌ని, అంటే స్థితి మొత్తం ఎస్‌జెడ్‌ని, ప్రింట్ చేసి సున్నా వచ్చిందో లేదో చూడండి. ఐటెన్సర్, టెన్‌పై (ఇలాంటిదే ఇంకో లైబ్రరీ) రెండూ ఎస్‌జెడ్‌ని రెట్టింపు చేసి రాసుకుంటాయి. ఒక్క అప్ స్పిన్‌కి 1 అని ఉంటుంది, అర కాదు. నా తప్పు స్థితికైతే 100 కనిపించేది.

హామిల్టోనియన్‌లో ఎస్‌ఎక్స్, ఎస్‌వై (ఎక్స్, వై దిశల స్పిన్ ఆపరేటర్లు) రాస్తే ఎర్రర్ వస్తుంది. ఎస్‌ఎక్స్ స్పిన్‌ని పెంచుతుంది, తగ్గిస్తుంది కూడా, దానికంటూ ఒక ఛార్జ్ (ఎస్‌జెడ్‌ని ఎంత మారుస్తుందో చెప్పే ఒకే అంకె) లేదు. స్పిన్‌ని పెంచే ఎస్‌ప్లస్, తగ్గించే ఎస్‌మైనస్ జంటలుగా, ముందు సగం పెట్టి రాయండి. ట్రాన్స్‌వర్స్ ఐసింగ్ (కప్లింగ్‌కి అడ్డ దిశలో ఫీల్డ్ ఉండే స్పిన్ నమూనా) దగ్గర ఈ పప్పులుడకవు. అక్కడ ఎస్‌జెడ్ నిలవదు. ఫీల్డ్‌ని జెడ్ దిశలో, కప్లింగ్‌ని ఎక్స్ దిశలో పెట్టుకుని పారిటీ (అప్ స్పిన్‌ల సంఖ్య సరా, బేసా అన్నది) ఒక్కటి ఆన్ చేసుకోవాలి.

ఇలా కన్సర్వ్ చేస్తే లాభం ఎంతంటే, 1000 బాండ్ డైమెన్షన్ (లెక్కలోని మాట్రిక్స్‌ల సైజు) పది సమాన బ్లాకులుగా విడిపోయిందనుకోండి. ఎస్‌వీడీ (మాట్రిక్స్‌ని విడగొట్టే లెక్క) పని 1000 ఘనం బదులు పదిసార్లు 100 ఘనం, అంటే నూరో వంతు. మెమరీ పదో వంతు. నిజానికి మధ్య బ్లాకులే లావుగా ఉంటాయి కాబట్టి అంత రాదు. బాండ్ డైమెన్షన్ 30, 40 దగ్గరే ఆగే చిన్న లెక్కలకి నేనైతే ఆన్ చేయను, బ్లాకుల లెక్క చూసుకోవడానికే టైమంతా పోతుంది.

బ్లాక్ స్పార్స్ మల్టీథ్రెడింగ్ (బ్లాకులని వేర్వేరు కోర్లకి పంచడం) పెడితే బ్లాస్ (మాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) థ్రెడ్లని 1కి దించండి, లేకపోతే రెండూ అవే కోర్ల కోసం కొట్టుకుంటాయి.

ఎనర్జీ ఒకచోట ఇరుక్కుపోతే మొదటి కొన్ని స్వీప్‌లకి (గొలుసు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి వచ్చే చుట్లకి) కొంచెం నాయిస్ కలపండి. నేను పది లక్షల్లో ఒక వంతుతో మొదలుపెడతాను. ఆఖరి స్వీప్‌లలో మాత్రం సున్నా చేయడం మర్చిపోవద్దు.