షాగీ కార్పెట్ మీద వాక్యూమ్ సరిగ్గా పని చేయట్లేదా? ముందు బ్రష్ సంగతి చూడండి

ఒత్తుగా పొడుగు పోగులున్న కార్పెట్ కొన్నాక చాలామంది చేసేది ఒకటే, వాక్యూమ్ సరిగ్గా లాగట్లేదు అని ఇంకా ఎక్కువ వాట్స్ ఉన్న మెషిన్ కోసం వెతకడం. దయచేసి ఆ డబ్బులు ఆపండి. చాలాసార్లు లోపం మోటార్‌లో ఉండదు, పైపు చివర పెట్టిన బ్రష్ ఆ కార్పెట్‌కి సరిపడేది కాదు, అంతే.

ముందు ఒక పని చేయండి. స్కేల్ తీసుకుని పోగుల మధ్యలోంచి అడుగు తగిలేదాకా దింపి ఎత్తు చూడండి. పావు ఇంచి లోపు ఉంటే మామూలు కార్పెట్, అర ఇంచి అంటే సుమారు 13 మిల్లీమీటర్లు దాటితే హై పైల్ (పొడుగు పోగుల రకం), ఇక షాగీ అని అమ్మేవి 30 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా కూడా ఉంటాయి. తర్వాత పోగు చివర చూడండి, కత్తిరించినట్టు విడిగా ఉందా లేక మడిచి లూప్‌లా ఉందా అని. ఊలా పాలిస్టరా అనేది వెనకున్న లేబుల్ మీద ఉంటుంది. కింద చెప్పేదంతా ఈ మూడిటి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇది వదిలేయొద్దు.

బ్రష్ కార్పెట్‌కి అతుక్కుపోయి ముందుకి కదలట్లేదు

మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండే డబ్బా టైపు వాక్యూమ్‌తో వచ్చే వెడల్పాటి ఫ్లోర్ బ్రష్‌తో వచ్చే సమస్య ఇది. దాని అడుగు చదునుగా ఉంటుంది, పొడుగు పోగులు నాలుగు వైపులా దాన్ని మూసేస్తాయి, గాలి లోపలికి వెళ్లే దారే ఉండదు. స్ట్రా చివర అరచేతికి ఆనించి పీలిస్తే చర్మం పట్టేసుకుంటుంది కదా, అదే జరుగుతోంది ఇక్కడ. మోటార్ శబ్దం ఒక్కసారిగా సన్నగా కీచుమన్నట్టు మారితే గాలి ఆగిపోయిందని అర్థం. దుమ్ముని మోసుకొచ్చేది పారే గాలి, గాలి ఆగితే ఎంత గట్టిగా పట్టుకున్నా చెత్త రాదు.

పైపు పట్టుకునే చోట, చేతి కింద బయటి గాలిని పైపులోకి వదిలే ఒక చిన్న స్లైడర్ ఉంటుంది, చాలామంది దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోరు. దాన్ని సగం తెరవండి, మెషిన్ మీద పవర్ తిప్పే నాబ్ ఉంటే ఒకటి రెండు మెట్లు తగ్గించండి. బ్రష్ మీద కాలితో నొక్కే పెడల్ ఉంటే వెంట్రుకలు బయటికొచ్చే వైపు కూడా పెట్టి చూడండి, కార్పెట్ బొమ్మ రెండో వైపున ఉన్నా సరే, బ్రష్ కొంచెం పైకి లేచి గాలికి సందు దొరుకుతుంది. అప్పటికీ కదలకపోతే ఆ పెద్ద బ్రష్ తీసేసి సోఫాలకి వాడే చిన్న బ్రష్ పెట్టండి. వెడల్పు తక్కువ కాబట్టి పట్టు తక్కువ, సులువుగా జరుగుతుంది. టైమ్ ఎక్కువ పడుతుంది నిజమే, కానీ 30 మిల్లీమీటర్లు దాటిన షాగీకి నా ఓటు దీనికే.

పైన శుభ్రంగా కనపడుతోంది, మూల ఎత్తి తడితే ఇసుక రాలుతోంది

ఇసుక బరువు, అది పోగుల మొదట్లోకి దిగిపోయి కూర్చుంటుంది, పైపైన లాగే బ్రష్ అక్కడిదాకా చేరదు. నడిచినప్పుడల్లా ఆ ఇసుక రాపిడికి పోగులు మొదట్లోనే అరిగిపోతాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కదిలించగలిగే రగ్గు అయితే పాత దుప్పటి పరిచి దాని మీద బోర్లా వేసి, ముందుగా రగ్గు వీపు వైపు నుంచి వాక్యూమ్ పట్టండి, ఆ అదురుకే లోపలి ఇసుక దుప్పటి మీదకి రాలిపోతుంది. తర్వాత తిరగేసి పోగులు వాలిన దిశకి ఎదురుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, నిదానంగా లాగండి. అక్కడక్కడ గట్టిగా కూరుకుపోయిన బియ్యపు గింజలు, ముగ్గు పొడి లాంటివాటికి సందుల్లో పెట్టే సన్నటి నాజిల్ ఉంది కదా, ఒక చేత్తో పోగులు పాయ తీసినట్టు విడదీసి ఆ పాయ వెంబడి దాన్ని నడపండి. పోగు ఎత్తు అర ఇంచి నుంచి ముప్పావు ఇంచి మధ్య ఉండి కత్తిరించిన రకం అయితే మాత్రం ఇంత కష్టం అక్కర్లేదు, తిరిగే రోలర్ ఉన్న బ్రష్ వాడొచ్చు.

టర్బో బ్రష్ గాల్లో ఎత్తితే గిర్రున తిరుగుతోంది, కార్పెట్ మీద పెట్టగానే ఆగిపోతోంది

టర్బో బ్రష్‌కి సొంత మోటార్ ఉండదు. లోపలికి వెళ్లే గాలే ఒక చిన్న ఫ్యాన్ రెక్కని తిప్పుతుంది, ఆ రెక్క రోలర్‌ని తిప్పుతుంది. ఒత్తు కార్పెట్ మీద గాలి తగ్గుతుంది, రోలర్‌కి పని పెరుగుతుంది, రెండూ కలిసి ఆగిపోతుంది. ముందు డస్ట్ బ్యాగ్ ఖాళీ చేయండి, ఫిల్టర్ దులపండి, ఇందాక తెరవమన్న స్లైడర్‌ని ఈసారి పూర్తిగా మూసేయండి, ఎందుకంటే ఇక్కడ గాలి మొత్తం బ్రష్ గుండానే రావాలి. కార్పెట్ మీద వాసన కోసం సోడా పొడి చల్లే అలవాటుంటే మానేయండి, అంత మెత్తటి పొడి ఫిల్టర్‌ని పూడ్చేస్తుంది. ఇవన్నీ చేసినా తిరగకపోతే ఆ కార్పెట్‌కి టర్బో చాలదు, సొంత మోటార్ ఉన్న పవర్ బ్రష్ కావాలి. అయితే దానికి కరెంట్ పైపు గుండా వెళ్లాలి, మీ పైపు చివర కరెంట్ పిన్నులు లేకపోతే అది కొని లాభం లేదు.

రబ్బరు కాలిన వాసన వస్తోంది, రోలర్ ఆగిపోయింది

వెంటనే ఆపి ప్లగ్ పీకేయండి. రోలర్ చుట్టూ ఏదో చుట్టుకుని ఉంటుంది, మోటార్ తిరుగుతూ బెల్ట్ అక్కడే జారుతూ కాలుతోంది. తిరగేసి చూస్తే పొడుగు జుట్టు, పూలదండ దారం, చీర కుచ్చుల పోగులు, కార్పెట్ పోగులు అన్నీ కలిసి తాడులా బిగుసుకుని ఉంటాయి, నూనె జుట్టు అయితే దుమ్ముతో కలిసి మరీ గట్టిపడుతుంది. లాగకండి, రోలర్ పొడుగునా కత్తెర పెట్టి కత్తిరించి తీయండి, రెండు చివర్లా బేరింగ్ దగ్గర కూడా చూడండి, అసలైన చిక్కు అక్కడే దాక్కుంటుంది. బెల్ట్ నున్నగా మెరుస్తున్నా సాగినా మార్చేయండి. పొడుగు షాగీ మీద రోలర్ తిప్పితే మళ్లీ ఇదే జరుగుతుంది కాబట్టి రోలర్ ఆఫ్ చేసే స్విచ్ ఉంటే ఆఫ్‌లో పెట్టుకుని వాడండి. లూప్ రకానికీ అంతే, ఒక లూప్ తగులుకుందంటే వరస మొత్తం లేచొస్తుంది. ఇప్పటికే ఒక పోగు లేచి ఉంటే లాగొద్దు, మిగతా వాటి ఎత్తుకి సమంగా కత్తెరతో కత్తిరించేయండి.

ఉండలు ఉండలుగా ఊలు వచ్చేస్తోంది

కొత్త ఊలు కార్పెట్ అయితే మొదటి కొన్ని నెలలు రాలడం మామూలే, కంగారు పడొద్దు. పాతది, ఇన్నాళ్లూ రాలనిది ఇప్పుడు రాలుతుంటే రోలరే పీకుతోంది. ఊలు మీద రోలర్ వద్దు, ఏలూరులో నేసే ఊలు తివాచీల్లాంటి చేతిపని వాటి మీద అయితే అసలే వద్దు, చదును బ్రష్‌తో తక్కువ పవర్‌లో లాగితే చాలు. అంచు కుచ్చుల మీద ఏ బ్రష్షూ పోనివ్వకండి, మధ్యలోంచి అంచు దాకా వచ్చి ఆపేయండి. (వరంగల్ జంపఖానాలకి ఈ గొడవేం లేదు, వాటికి పైకి లేచిన పోగే ఉండదు.) కార్పెట్ కింద నేల మీద గోధుమరంగు పొడి కనపడుతుంటే అది దుమ్ము కాకపోవచ్చు, టఫ్టెడ్ రకాల్లో (నేయకుండా గుడ్డలోకి పోగులు గుచ్చి చేసేవి) వెనక గుడ్డ అతికించే లేటెక్స్ జిగురు ఎండిపోయి రాలుతున్నదయ్యుండొచ్చు, దానికి ఏ బ్రష్షూ మందు కాదు.

అమెరికాలో అపార్ట్‌మెంట్ మొత్తం కార్పెట్ ఉన్నవాళ్లకి పరిస్థితి వేరు, అక్కడ ఎక్కువగా నిలువు వాక్యూమ్‌లు, రోలర్ దానిలోనే ఉంటుంది. ఎత్తు మార్చే నాబ్ ఉన్నదే తీసుకోండి. నాబ్‌ని అన్నిటికంటే పైన పెట్టి మొదలెట్టి, రోలర్ వెంట్రుకలు పోగుల కొనల్ని తాకుతున్న శబ్దం వచ్చేదాకా ఒక్కో మెట్టు దించండి, అక్కడ ఆపేయండి, ఇంకా దించితే శుభ్రం పెరగదు, బెల్ట్ అరుగుతుంది. మరీ మెత్తటి కొత్తరకం కార్పెట్లలో నాబ్ లేని మెషిన్ కూరుకుపోతుంది. రోబో వాక్యూమ్ అయితే పొడుగు షాగీ ఉన్న గదిని మ్యాప్‌లో బ్లాక్ చేసేయడం మేలు.

కొత్త బ్రష్ విడిగా కొనేటప్పుడు పేరు కాదు, పైపు కొలత చూడండి. ఎక్కువగా దొరికేవి 32, 35 మిల్లీమీటర్లవి, అన్నిటికీ సరిపోతుంది అని రాసున్నా కొలత రాసి లేకపోతే కొనకండి. పాత బ్రష్ తీసేసి, బ్రష్ ఎక్కే చోట పైపుకి బయటి కొలత తీసుకోండి, బ్రష్ పైపు లోపలికి దూరే రకం అయితే లోపలి కొలత. మూడు మిల్లీమీటర్ల తేడాని టేప్ చుట్టి సరిపెడితే అక్కడినుంచే గాలి లీకై టర్బో తిరగడం మానేస్తుంది, దానికి రబ్బరు అడాప్టర్ విడిగా దొరుకుతుంది, అది తీసుకోండి.