తేలికపాటి క్యాంపింగ్ కుర్చీతో పాటు ఏం మోసుకెళ్లాలి, ఏం వదిలేయాలి?

గుంటూరు నుంచి సూర్యలంక బీచ్‌కి వెళ్లినప్పుడల్లా మా పెదనాన్న గారి కోసం ఒక మడత కుర్చీ తీసుకెళ్తాం. అల్యూమినియం పైపులు, వాటి లోపల ఎలాస్టిక్ తాడు, పైన గుడ్డ సీటు. విప్పి సంచీలో పెడితే మూరెడు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన కింద కూర్చోలేరు. మొదటిసారి ఇసుకలో ఆ కుర్చీ వేసి కూర్చోబెట్టగానే వెనక కాళ్లు రెండూ దిగబడి ఆయన వెనక్కి ఒరిగిపోయారు. పక్కనే ఉండి పట్టుకున్నాం కాబట్టి దెబ్బ తగల్లేదు. ఈ కుర్చీలకు అమ్మే అదనపు సామాన్లలో ఏది నిజంగా పనికొస్తుందో ఆ రోజు నుంచే శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాను.

ముందుగా వంటింటి కాటా మీద కుర్చీని తూచండి. ఈ రకం కుర్చీలు అర కిలో నుంచి కిలో దాకా ఉంటాయి. హెలినాక్స్ అనే కంపెనీ వాళ్ల చైర్ జీరో మోడల్ దాదాపు అర కిలో, చైర్ వన్ దాదాపు కిలో. తర్వాత మీరు కొనాలనుకుంటున్న ఒక్కో వస్తువు బరువూ పక్కన రాసుకోండి. బరువు తగ్గుతుందనే కదా ఎక్కువ డబ్బు పెట్టి ఈ కుర్చీ కొన్నాం! దిండు, గ్లాసు హోల్డరు, నీడ గుడ్డ కలిపి ఇంకో అర కిలో అయితే ఆ డబ్బుకు అర్థం లేదు. బరువు నాలుగో వంతుకు మించి పెరగకూడదని నేను పెట్టుకున్న లెక్క. కారు నేరుగా ఒడ్డు దాకా వెళ్తే ఈ లెక్క అక్కర్లేదు.

ఇక నేల సంగతి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. 70 కిలోల మనిషి బరువు నాలుగు చిన్న రబ్బరు బుడిపెల మీద పడుతుంది. ఒక్కో బుడిపె అడ్డం 2 సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోలకు పైగా ఒత్తిడి. పొడి ఇసుక అంత ఒత్తిడికి ఆగదు, వాన పడ్డ నల్లరేగడి కూడా ఆగదు. పైగా ఈ కుర్చీల సీటు చాలావరకు 35 సెంటీమీటర్ల ఎత్తు లోపే. అందులో ఐదు సెంటీమీటర్లు దిగబడితే పెద్దవాళ్లకు లేవడం నరకం.

కాబట్టి మోయదగ్గ వస్తువు ఒక్కటే: కాళ్లు దిగకుండా ఆపేది. కొననక్కర్లేదు, పాత ఫ్లెక్సీతో చేయించుకోవచ్చు. కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, కాలికీ కాలికీ మధ్య దూరం నాలుగు వైపులా కొలవండి. ఖాళీ కుర్చీని కొలవద్దు, బరువు పడ్డాక కాళ్లు కాస్త విచ్చుకుంటాయి. ఆ కొలతకు ఫ్లెక్సీ కత్తిరించి, బ్యాగులు కుట్టే వాళ్ల దగ్గర నాలుగు మూలలా రెండు పొరల జేబులు కుట్టించండి. కాళ్లు ఆ జేబుల్లో దూరాలి, మనిషి కూర్చుంటే పట్టా బిగుతుగా నిలవాలి. అప్పుడే బరువు పట్టా అంతటికీ పాకుతుంది. జేబుల్లేని ఉత్త పట్టాను కింద పరిస్తే కాళ్లు దాన్ని కూడా లాక్కుని లోపలికి దిగుతాయి, నేను చూశాను. అరవై సెంటీమీటర్ల చదరం ముక్క బరువు సుమారు 150 గ్రాములు.

కుట్టించే తీరిక లేదా? నాలుగు పాత టెన్నిస్ బంతులకు చిన్న గాటు పెట్టి కాళ్లకు తొడగండి. నాలుగూ కలిపి 230 గ్రాముల దాకా వస్తాయి. ఇసుకలో బాగానే ఆగుతాయి కానీ బండల మీద వద్దు, దొర్లినట్టు ఊగుతుంది. కొండవీడు కోట లాంటి రాతి నేల మీదికైతే పట్టా, బంతులు రెండూ ఇంట్లోనే వదిలేయండి, మామూలు రబ్బరు బుడిపెలే పట్టు ఇస్తాయి.

మిగతావాటికి అంత ఆలోచన అక్కర్లేదు. మెడ కింద దిండుకు బదులు తుండు చుట్టి పెట్టుకోండి. నీళ్ల సీసా కింద పెడితే సరిపోతుంది. సీటు వెచ్చగా ఉంచే పరుపు మన విజయవాడ, గుంటూరు వాతావరణానికి ఎందుకు? కుర్చీకి బిగించే నీడ గుడ్డ సముద్రం గాలికి తెరచాపలా లాగేస్తుంది, గొడుగు మేలు. గాలి ఎక్కువగా ఉంటే, లేచి వెళ్లేముందు కుర్చీ సంచీలో రాళ్లో ఇసుకో నింపి సీటు కింద పైపుకు వేలాడదీయండి.

ఇంటికొచ్చాక పైపుల కీళ్లను మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి. ఇసుక, ఉప్పు ఉండిపోతే కీళ్లు పట్టేస్తాయి. మడిచేముందు రబ్బరు బుడిపెలు నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. ఒకటి ఊడిపోతే పైపు అంచు పట్టాను కోసేస్తుంది. చేతికర్ర అడుగున వేసే రబ్బరు బుష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి, పైపు మందం కొలుచుకుని వెళ్తే సరిపోయేది తెచ్చుకోవచ్చు.